దక్షిణాన గుమ్మం, ఉత్తరాన బాత్రూమ్: 2026 ఫెంగ్‌షుయ్ దోషాలకు ఏం చేయాలి, ఏం అక్కర్లేదు

మీ ప్రశ్నలో నాలుగు సంగతులు కలిసిపోయాయి, ముందు వాటిని విడదీస్తాను. మీది దక్షిణ ముఖం ఇల్లు. 2026లో దక్షిణాన ఐదో పసుపు నక్షత్రం (ఏడాది చార్టులో చెడ్డదని చెప్పే 5 అంకె), థాయ్ సుయ్ (ఆ ఏటికి అధిపతి అనుకునే శక్తి) రెండూ కూర్చున్నాయని, ఆ గుమ్మంలోంచి తిరిగితేనే ప్రమాదమని ఎవరో చెప్పారు. ఉత్తరం వైపు బాత్రూమ్‌లో నీళ్ళు కారుతున్నాయి, టైల్స్ పగలగొట్టి పైపులు మార్చాలి. ఆ పని ఈ ఏడు పెట్టుకోవచ్చా అన్నది మీ అసలు బెంగ. 2008లో పుట్టిన మీ అబ్బాయిది చైనా లెక్కలో ఎలుక సంవత్సరం కాబట్టి వాడికి గండమన్నారు. చివరికి ఈ మూడింటికీ విరుగుడుగా పెద్ద 'రక్షణ కిట్' ఒకటి కొనమన్నారు.

కిట్ గురించి చివర్లో చెప్తాను. అప్పటిదాకా డబ్బు మాత్రం కట్టకండి.

నేను ఈ వార్షిక చార్టులు వేయడం మొదలుపెట్టి చాలా ఏళ్ళయింది. ఇక్కడ రాసేదంతా ఆ సంప్రదాయం లోపల నిలబడి చెప్పే మాటే. ఇవి ప్రయోగశాలలో రుజువైన సంగతులని నేను అనను, ఎవరైనా అంటే నమ్మకండి కూడా. కానీ పాటించాలనుకున్నప్పుడు సరిగ్గా పాటించాలి కదా. మీకు చెప్పినవాళ్ళు సగం మాత్రమే చెప్పారు, అదీ భయపెట్టే సగం.

ఏడాది దోషాల విషయంలో పాత పద్ధతి మొదట చెప్పేది ఒక్కటే: దోషం ఉన్న దిక్కును కెలకొద్దు. తవ్వడం, పగలగొట్టడం, గోడకు డ్రిల్ పెట్టడం, రోజంతా మోత. ఇవి లేకపోతే దోషం నిద్రలో ఉన్నట్టే లెక్క. 'థాయ్ సుయ్ నెత్తిన మట్టి తవ్వడం' అని చైనాలో సామెతే ఉంది, బలవంతుడితో కోరి తగువు పెట్టుకోవడమని దాని భావం. బొమ్మలు, గంటలు, నాణేలు అన్నీ దాని తర్వాతే. అమ్మేవాళ్ళు ఈ వరసను తిరగేసి చెప్తారు. 'ఊరికే కదపకుండా ఉండండి' అన్న సలహాను పెట్టెలో పెట్టి అమ్మలేరు మరి.

ఇక లెక్క. ఫెంగ్‌షుయ్‌లో ఏడాది జనవరి 1న మారదు, చైనా కొత్త సంవత్సరం పండుగ రోజున కూడా మారదు. ఈసారి ఆ పండుగ ఫిబ్రవరి 17న వచ్చింది. వార్షిక నక్షత్రాలు మాత్రం సూర్యగమనాన్ని బట్టి వచ్చే లి చున్ రోజున, అంటే ఫిబ్రవరి 4న మారాయి. మళ్ళీ 2027 ఫిబ్రవరి 4న మారతాయి.

తొమ్మిది గడుల లో షు చదరంలో ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలు ఏటేటా చోటు మారతాయి, ఈ అంకెలనే నక్షత్రాలంటారు. మధ్య గడిలో ఏది వస్తుందో మీరే కట్టుకోవచ్చు. సంవత్సరం అంకెల్ని ఒక్క అంకె మిగిలేదాకా కూడి, దాన్ని 11లోంచి తీసేయండి. 2026కి కూడితే 10, అంటే 1. 11లోంచి 1 పోతే 10, దాన్ని మళ్ళీ కూడితే 1. మధ్యలో 1 వచ్చింది. అక్కడి నుంచి వాయవ్యం, పడమర, ఈశాన్యం, దక్షిణం, ఉత్తరం, నైరుతి, తూర్పు, ఆగ్నేయం అనే వరసలో అంకెలు ఒక్కొక్కటి పెరుగుతూ పోతాయి. అలా ఈ ఏడు వాయవ్యంలో 2, పడమట 3, ఈశాన్యంలో 4, దక్షిణాన 5, ఉత్తరాన 6, నైరుతిలో 7, తూర్పున 8, ఆగ్నేయంలో 9 పడ్డాయి. ఈ ఒక్క లెక్క చేతిలో ఉంటే ఏటా కొత్త పుస్తకం కొనక్కర్లేదు.

థాయ్ సుయ్ లెక్క వేరు, అది గురుగ్రహానిది. గురుడు సూర్యుణ్ణి చుట్టి రావడానికి దాదాపు 11.86 ఏళ్ళు పడుతుంది. ప్రాచీన చైనా జ్యోతిష్కులు దాన్ని పన్నెండుకు సర్ది, గురుడికి ఎదురు దిశలో నడిచే ఒక కల్పిత బిందువును పెట్టుకున్నారు. ఆ బిందువే థాయ్ సుయ్. 2026 లాంటి గుర్రం సంవత్సరంలో అది నడి దక్షిణాన ఉంటుంది. దానికి సూటిగా ఎదురున్న ఉత్తరాన్ని సుయ్ పో అంటారు, ఏడాదిని విరగ్గొట్టే చోటు. ఇవి కాక సాన్ షా, అంటే మూడు హంతక శక్తులు. పులి, గుర్రం, కుక్క సంవత్సరాల్లో అవి ఉత్తరాన ఉంటాయి.

అంటే ఈ ఏడు పెద్ద దోషాలన్నీ ఒకే గీత మీద పడ్డాయి, దక్షిణాన రెండు, ఉత్తరాన రెండు. 2025లో ఇలా లేదు. అప్పుడు 5 ఈశాన్యంలో, సాన్ షా తూర్పున, థాయ్ సుయ్ ఆగ్నేయంలో దక్షిణం వైపు అంచున, ఇలా చెదిరి ఉన్నాయి. దక్షిణ ఉత్తరాల ఇళ్ళవాళ్ళు ఈసారి ఎక్కువ కంగారు పడడానికి కారణం ఇదే. మీ ఇంటికి గుమ్మం ఒక కొసన, బాత్రూమ్ రెండో కొసన పడ్డాయి, కంగారు పెట్టేవాళ్ళకు అంతకన్నా ఏం కావాలి!

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. మీరు 'దక్షిణ ముఖం' అన్నారు. అది ఇంటి చూపు. ఏడాది దోషాలకు కావలసింది ఇంటి చూపు కాదు, గుమ్మం ఇంట్లో ఏ భాగాన ఉందన్నది. రెండూ ఒకటే అనుకోవడం వల్లే సగంమంది అక్కర్లేని పరిహారాలు చేస్తారు. ఇంటి ప్లాన్ కొలతల ప్రకారం కాగితం మీద గీయండి. దీర్ఘచతురస్రమైతే మూల నుంచి మూలకు రెండు గీతలు గీస్తే అవి కలిసే చోటే కేంద్రం. అక్కడ నిలబడి కంపాస్ చూడండి. దక్షిణ భాగమంటే 157.5 నుంచి 202.5 డిగ్రీల దాకా. గుమ్మం ఆ 45 డిగ్రీల ముక్కలో ఉంటేనే ఐదో పసుపు మీ గుమ్మం మీద ఉన్నట్టు. ఇంట్లోంచి బయటికి చూస్తూ నిలబడినప్పుడు గుమ్మం బాగా ఎడమ కొసకు ఉంటే అది ఆగ్నేయంలో పడుతుంది. అక్కడ ఈ ఏడు 9 ఉంది. 2024 నుంచి 2043 దాకా నడిచే తొమ్మిదో కాలంలో దానికంటే మంచి నక్షత్రం లేదు! కుడి కొసకు ఉంటే నైరుతి, అక్కడ 7, దాని గురించి కింద రాశాను. థాయ్ సుయ్ స్థానం ఇంకా ఇరుకు, 172.5 నుంచి 187.5 దాకా 15 డిగ్రీలు మాత్రమే.

కంపాస్ చూసేటప్పుడు ఫోన్‌కు అయస్కాంతపు కవర్ ఉంటే తీసేయండి. ఫ్రిజ్, ఇనుప తలుపు, బీరువా, కారు దగ్గర్లో చూడకండి, శ్లాబులో ఇనుము కూడా ముల్లును లాగుతుంది. రెండు మూడు చోట్ల చూసి, అంకెలు దగ్గరగా వస్తేనే నమ్మండి. ఇంకోటి, చైనా పద్ధతి పటాల్లో దక్షిణం పైన వేస్తారు. మనకు అలవాటైన పటంలో పైన ఉండేది ఉత్తరం. ఈ ఒక్క తేడాతో దక్షిణం మందులు ఉత్తరాన పెట్టుకున్న ఇళ్ళు చూశాను.

సరే, కొలిచారు, గుమ్మం నిజంగానే దక్షిణ భాగంలో ఉందనుకుందాం.

ఐదో పసుపుది మట్టి తత్వం. పంచతత్వాల చక్రంలో నిప్పు మట్టిని పెంచుతుంది, లోహం మట్టి బలాన్ని లాగేస్తుంది. దక్షిణం నిప్పు దిక్కు. పైగా ఇది అగ్ని గుర్రం సంవత్సరం, ఏడాది పేరులో పై సగమూ నిప్పే, కింది సగమూ నిప్పే. కాబట్టి 5 మామూలు కంటే కాస్త కొవ్వెక్కి ఉందని ఏ గురువైనా ఒప్పుకుంటాడు. దీన్నిబట్టి మొదటి పని కొనడం కాదు, తీయడం. గుమ్మం లోపల ఎర్ర కాలిపట్టా, ఎర్ర కర్టెన్, అస్తమానం వెలిగే ఎర్ర దీపం, కొవ్వొత్తులు ఉంటే ఈ ఏడాదికి వేరే చోటికి మార్చండి. మట్టి కుండీలు, పింగాణీ బొమ్మలు కూడా అక్కడి నుంచి జరపండి, మట్టికి మట్టి తోడు ఎందుకు. తెలుపు, బూడిద రంగులు పర్లేదు.

రోజూ తలుపు తీసి వేయడం 'కెలకడం' కిందికి రాదు. మనుషులు తిరగని గుమ్మం ఉండదు. ఇంకో దారి ఉంటే దాన్నీ వాడుకోండి, లేకపోతే బాధపడకండి. తలుపు దభాలుమని కొట్టుకుంటుంటే చట్రానికి రబ్బరు ముక్కలు అంటించండి. దానికోసం మళ్ళీ డోర్ క్లోజర్ బిగిస్తామని డ్రిల్ పట్టుకు రావద్దు, వద్దన్న పనే అది.

లోహం ఏది పెట్టాలన్న దగ్గర గురువుల్లోనే తగాదా ఉంది. ఆరు గొట్టాల లోహపు విండ్ చైమ్ అందరికీ తెలిసిన మందు. ఆరు లోహపు అంకె, మోగే లోహానికి శక్తి ఎక్కువని వాళ్ళ వాదం. మోత అంటేనే కదలిక, నిద్రపోతున్నదాన్ని లేపుతుందని రెండో పక్షం వాదం. నేను రెండో పక్షం వైపే మొగ్గుతాను, ముఖ్యంగా గుమ్మం దగ్గర. తలుపు కదిలిన ప్రతిసారీ మోగే చైమ్ ఇంట్లోవాళ్ళ నరాల మీద కూడా మోగుతుంది. బరువైన ఇత్తడి వస్తువు ఏదైనా గుమ్మం లోపలి పక్కన కదలకుండా ఉంచితే చాలు. దేవుడి బొమ్మే కావాలని లేదు, బోలు కాని ఇత్తడి ముద్ద అయితే మరీ మంచిది. లోహమే ముఖ్యం, దాని ఆకారం కాదు.

ఉప్పునీటి మందు కూడా ఎక్కువగా వాడతారు. వెడల్పు మూతి గాజు సీసాలో ముప్పాతిక దాకా కల్లుప్పు పోసి, దాని మీద ఆరు రాగి లేదా ఇత్తడి నాణేలు పరిచి, అంచు దాకా నీళ్ళు పోసి మూత పెట్టకుండా వదిలేస్తారు. కొన్ని వారాలకు ఉప్పు స్ఫటికాలు సీసా గోడలెక్కి బయటికి పాకుతాయి. చెడు అంతా బయటికి వచ్చిందని కొందరు మురిసిపోతారు, నీళ్ళు ఆవిరైతే ఉప్పు పాకడం దాని సహజ గుణం. కింద పళ్ళెం తప్పనిసరి, లేకపోతే చెక్క, ఇనుము, పెయింట్ అన్నీ తినేస్తుంది. పిల్లలకు, పెంపుడు జంతువులకు అందకుండా పెట్టాలి. ఏడాది తిరిగాక నాణేలతో సహా పారేయాలి, మళ్ళీ వాడకూడదు. ఇల్లంతా సీసాలు పెట్టినవాళ్ళను చూశాను. 5 ఉన్న చోట ఒకటి, 2 ఉన్న చోట మరొకటి, అంతకు మించి ఎందుకూ.

నెలవారీ నక్షత్రాలు కూడా ఇదే వరసలో తిరుగుతాయి. సెప్టెంబర్ 7 నుంచి అక్టోబర్ 7 దాకా నెల 5 కూడా దక్షిణానికే వచ్చి ఏడాది 5తో కలుస్తుంది. డిసెంబర్ 7 నుంచి జనవరి 4 దాకా నెల 2 దక్షిణానికి వస్తుంది, 2, 5 కలయిక రోగానికి చెడ్డదంటారు. గుమ్మం దగ్గర పని ఏదున్నా ఆ రెండు నెలలూ వద్దు. దక్షిణ భాగంలో పడకగది ఉండి అందులో ముసలివాళ్ళో, గర్భిణో, జబ్బు మనిషో పడుకుంటుంటే, వేరే గది ఖాళీ ఉంటే మార్చండి. నా లెక్కలో ఏ లోహం కంటే ఇది పెద్ద మందు.

ఇప్పుడు బాత్రూమ్. మీ అసలు చిక్కు ఇక్కడే, ఎవరూ మీకు చెప్పని సంగతి కూడా ఇక్కడే ఉంది.

ఉత్తరాన ఈ ఏడు 6 ఉంది, అది చెడ్డ నక్షత్రం కాదు. అభ్యంతరం సాన్ షాది, సుయ్ పోది. సుయ్ పో 352.5 నుంచి 7.5 డిగ్రీల దాకా, నడి ఉత్తరపు 15 డిగ్రీలు. సాన్ షా మాత్రం వెడల్పు. దాని మూడు ముక్కలు కంపాస్ మీద పంది, ఎలుక, ఎద్దు అనే జంతువులకు ఇచ్చిన స్థానాలు. 322.5 దగ్గర మొదలై 37.5 దగ్గర ముగుస్తాయి, అంటే వాయవ్యం అంచునూ ఈశాన్యం అంచునూ కూడా తాకుతాయి. మధ్యలో మిగిలే సందుల్ని కూడా చాలామంది కలిపే చూస్తారు. మీ బాత్రూమ్ ఈ 75 డిగ్రీల లోపల ఉందో లేదో ముందు కొలవండి.

ఉంటే, 'వచ్చే ఏడాదికి వాయిదా వేయండి' అన్న సలహా వింటారు. మీకు కూడా అదే చెప్పారని రాశారు. పైన ఇచ్చిన లెక్కతో 2027 కట్టి చూడండి. అంకెలు కూడితే 11, అంటే 2, 11లోంచి 2 పోతే 9. మధ్యలో 9 పడితే ఉత్తరంలో పడేది 5! సాన్ షా పడమటికి వెళ్తుంది నిజమే, కానీ దాని చోటికి ఐదో పసుపు వస్తుంది. ఉత్తరం ఊపిరి పీల్చుకునేది 2028 ఫిబ్రవరి 4 తర్వాతే. అప్పుడు అక్కడ 4 ఉంటుంది, 5 నైరుతికి, సాన్ షా దక్షిణానికి పోతాయి. అప్పటిదాకా కారే బాత్రూమ్‌తో ఉంటారా? గోడలోకి చెమ్మ దిగుతుంది, బూజు పడుతుంది, ఆ గోడలో కరెంటు వైరు ఉంటే అది ఇంకో ప్రమాదం. కారే పైపు మీద ఏ చార్టుకూ అధికారం లేదు. ఇంట్లోవాళ్ళ ఆరోగ్యం కోసం పుట్టిన పద్ధతి ఆరోగ్యానికే అడ్డు పడితే దాన్ని పక్కన పెట్టాల్సిందే.

కాబట్టి నా సలహా: చేయించండి, కానీ పద్ధతిగా. పగలగొట్టకుండా అయ్యే పని, అంటే కుళాయి, జాయింటు, వాషర్ లాంటివి ఇవాళే చేయించండి, దానికి ముహూర్తం అక్కర్లేదు. టైల్స్ లేపే పనికి మాత్రం నెల చూసుకోవచ్చు. జూన్ 5 నుంచి జూలై 6 దాకా గుర్రం నెల, అక్టోబర్ 8 నుంచి నవంబర్ 6 దాకా కుక్క నెల. ఈ రెండింటిలో నెల సాన్ షా కూడా ఉత్తరానికే వస్తుంది. కుక్క నెలలో దానికి తోడు నెల 5 కూడా ఉత్తరంలో పడుతుంది, అది ఏడాది మొత్తం మీద ఉత్తరానికి అన్నిటికన్నా చెడ్డ నెల. జూలై 7 నుంచి ఆగస్టు 6 దాకా ఉత్తరాన నెల 8 ఉంటుంది, ఆ సమయంలో దక్షిణాన 7 ఉంటుంది, అది లోహం, మీ గుమ్మానికి కూడా సాయమే. నన్నడిగితే అదే నెల. అది దాటిపోతే నవంబర్ 7 నుంచి డిసెంబర్ 6 దాకా చూడండి. సెప్టెంబర్ నెల ఉత్తరం వరకు బాగానే ఉన్నా, పగిలిన టైల్స్ మోసేది మీ దక్షిణపు గుమ్మంలోంచే కదా, వద్దు.

మొదటి సుత్తి దెబ్బ ఉత్తరాన పడకూడదన్నది పాత నియమం. దానికి విరుగుడు సులువు. పని మొదలయ్యే రోజు మేస్త్రీతో తూర్పు గోడ మీద ఏదైనా చిన్న మరమ్మతు చేయించండి, అక్కడ 8 ఉంది. ఆ తర్వాత బాత్రూమ్‌లోకి వెళ్ళండి. అన్నీ అయ్యాక చివరి పనిని కూడా ఉత్తరం కాని వేరే చోట ముగించండి, ఆగ్నేయంలో ఒక గోడకు రంగు వేసినా సరే. మధ్యలో వారాల తరబడి ఆపి మళ్ళీ మొదలుపెట్టకండి. సామాను మొత్తం తెప్పించుకున్నాకే గోడ ముట్టుకోండి. పక్క గదిలో పడుకునేవాళ్ళను ఆ నాలుగు రోజులు వేరే గదికి పంపండి, దోషం సంగతి ఎలా ఉన్నా దుమ్ము మాత్రం నిజం. ఫిబ్రవరి 4కి ముందే మొదలైన పని అయితే ఇవేవీ చూడక్కర్లేదు, కొనసాగించవచ్చు.

సాన్ షాకు మూడు జంతువుల బొమ్మలు పెట్టమంటారు. అక్కర్లేదు. దాని విషయంలో ముఖ్యమైన సూత్రం వేరే ఉంది: సాన్ షాను ఎదురుగా చూడొచ్చు, వీపు పెట్టకూడదు. థాయ్ సుయ్‌కు వీపు పెట్టొచ్చు, ఎదురుగా చూడకూడదు. ఈ ఏడు ఈ రెండు నియమాలూ ఒకే దిక్కు చూపిస్తున్నాయి. కుర్చీ వీపు దక్షిణానికి, ముఖం ఉత్తరానికి ఉండేట్టు కూర్చుంటే రెండూ నెరవేరతాయి. ఉత్తరానికి వీపు పెట్టి దక్షిణం చూస్తూ కూర్చుంటే రెండూ తప్పుతాయి. టేబుల్ తిప్పుకోవడానికి ఖర్చేమీ లేదు, ఇది మీ ఇంట్లో అందరూ చేయొచ్చు.

మిగతా నక్షత్రాల గురించి క్లుప్తంగా. వాయవ్యంలోని 2 రోగ నక్షత్రం. కానీ అది మట్టి, వాయవ్యం లోహపు దిక్కు, ఆ దిక్కే దాని బలాన్ని హరిస్తుంది, అందుకే ఈ ఏడు నేను దాని గురించి పెద్దగా పట్టించుకోను. అక్కడ పడకగది ఉంటే ఇత్తడి సొరకాయ ఒకటి పెట్టుకుంటారు. జబ్బు చేస్తే వెళ్ళాల్సింది డాక్టరు దగ్గరికి, సొరకాయ దగ్గరికి కాదు. పడమటి 3 తగాదాల నక్షత్రం. అక్కడ చైమ్‌లు, గోల చేసే టీవీ వద్దు, చిన్న ఎర్ర వస్తువు ఒకటి ఉంటే మంచిదంటారు, ఎందుకంటే 3 కొయ్య, దాన్ని నిప్పు తినేస్తుంది. నైరుతి 7 దొంగతనాల నక్షత్రం, మట్టి దిక్కులో పడి బలపడింది కూడా. నీలం రంగు ఏనుగు, ఖడ్గమృగం పెట్టమంటారు. మంచి తాళం పెట్టండి, కిటికీ గడియలు చూసుకోండి.

మీ అబ్బాయి విషయం. ఇది ఇంటి దిక్కుల లెక్కే కాదు, పుట్టిన ఏడాది లెక్క. రెండింటినీ కలిపి చెప్పడం వల్లే మీరు భయపడ్డారు. గుర్రం ఏడాదిలో నాలుగు జంతువులవాళ్ళకు థాయ్ సుయ్‌తో పొసగదంటారు: గుర్రం, ఎలుక, ఎద్దు, కుందేలు. వీటిలో ఎలుకది సూటి ఎదురు. ముందు పుట్టిన తేదీ చూడండి, 2008 ఫిబ్రవరి 4కి ముందు పుట్టి ఉంటే వాడు ఎలుక కాదు, పంది. ఎలుకే అయినా, దాని అర్థం మార్పులు, ప్రయాణాలు, చదువులో చోటు మారడం అని చెప్పుకునే గురువులే ఎక్కువ. ఆ వయసు పిల్లలకు అవి ఎలాగూ వస్తాయి! ఈశాన్యంలో ఈ ఏడు చదువు నక్షత్రమైన 4 ఉంది. అక్కడ చోటుంటే వాడి టేబుల్ వేయండి, వీపు దక్షిణానికి, ముఖం ఉత్తరానికి పెట్టి. గండం అన్న మాట మాత్రం వాడి చెవిన వేయకండి.

ఎందుకంత గట్టిగా చెప్తున్నానంటే, జపాన్‌లో అగ్ని గుర్రం ఏడాదిలో పుట్టిన ఆడపిల్లలు మొగుణ్ణి తింటారని ఒక మూఢనమ్మకం ఉండేది. కిందటి అగ్ని గుర్రం ఏడాది 1966. 1965లో అక్కడ పుట్టిన పిల్లలు 18.2 లక్షలు, 1966లో 13.6 లక్షలు, 1967లో మళ్ళీ 19.4 లక్షలు. గుర్రం ఎవరికీ ఏమీ చేయలేదు, భయమే ఇంత పని చేసింది. థాయ్ సుయ్ పేరు మీద ఇల్లు మారొద్దు, పని చేయొద్దు అనే నిషేధాల్ని చైనాలోనే క్రీస్తు శకం 1వ శతాబ్దంలో వాంగ్ చోంగ్ అనే ఆలోచనాపరుడు సూటిగా ప్రశ్నించాడు. అంటే మీ సందేహం కొత్తదీ కాదు, పాపమూ కాదు.

కొందరు 2017ను గుర్తు తెచ్చుకోమంటారు, తొమ్మిదేళ్ళ చక్రంలో అప్పుడు కూడా 5 దక్షిణానికే వచ్చింది. మీరు అప్పుడు ఇదే ఇంట్లో ఉంటే, ఆ ఏడు ఏం జరిగిందో చూసుకోండి. కాకపోతే ఏ ఏడాదిని తవ్వినా ఒక జ్వరం, ఒక గొడవ, ఒక నష్టం దొరుకుతాయి. మంచివి కూడా లెక్కపెట్టండి.

ఇక కిట్. మీరు పంపిన జాబితాలో గోపురం, చైమ్, మూడు జంతువులు, థాయ్ సుయ్ పలక, నీలం ఏనుగు, సొరకాయ, తాళంచెవి గొలుసులు ఉన్నాయి. వీటిలో మీ ఇంటికి పనికొచ్చేది ఒక్కటే, గుమ్మం దగ్గర పెట్టే బరువైన ఇత్తడి. అది ఇంట్లో ఉన్న పాత ఇత్తడి పాత్రైనా సరిపోతుంది. కొత్తది కొంటే అయస్కాంతం ఆనించి చూడండి, అసలైన ఇత్తడికి అయస్కాంతం అంటుకోదు, అంటుకుంటే అది పూత పూసిన ఇనుము. థాయ్ సుయ్ పలక పెట్టాలని మనసు గట్టిగా కోరితే పెట్టుకోండి, నష్టం లేదు. దాన్ని ఏటా మార్చాలంటారు, ఆ వ్యాపారం ఎలా నడుస్తుందో మీకే అర్థమవుతుంది.

ఒకటి మర్చిపోకండి. 2025లో 5 ఈశాన్యంలో ఉండేది కాబట్టి, ఎవరి మాట మీదైనా అక్కడ లోహం, చైమ్, ఉప్పునీళ్ళు పెట్టి ఉంటే వాటిని తీసేయండి. ఇప్పుడు అక్కడున్న 4 కొయ్య తత్వం, లోహం దాన్ని నరుకుతుంది. అబ్బాయి టేబుల్ వేయబోయే చోట నిరుటి మందే ఈ ఏటి దోషం అవుతుంది. ఇత్తడి వస్తువైతే కడిగి ఎండలో ఆరబెట్టి దక్షిణానికి తెచ్చుకోవచ్చు, ఉప్పు మాత్రం పారేయాలి.

కొలతలు తీశాక గుమ్మం, బాత్రూమ్ కేంద్రం నుంచి ఎన్ని డిగ్రీల్లో ఉన్నాయో రాయండి. అంచుల దగ్గర పడితే, అంటే 157.5కో 202.5కో రెండు మూడు డిగ్రీల తేడాలో ఉంటే, ప్లాన్ బొమ్మ కూడా పెట్టండి. అలాంటప్పుడు కేంద్రం కాస్త జరిగినా గుమ్మం వేరే భాగంలోకి పోతుంది.